కాంపౌండరు గారి పేరు

తన చిన్నమ్మమ్మ జీవరత్నం గారికి అయిదుగురు భర్తలున్నారన్న సంగతి బెన్హర్‌కు ఒక గురువారం మధ్యాహ్నం తెలిసింది. విజయనగరంలో కోట వెనక వీధిలో ఉన్న తన గదిలో కూర్చుని, నెల రోజులుగా సేకరించిన కాగితాలన్నిటినీ తేదీల వరసలో పేర్చుకున్నాక బయటపడిన సత్యమది. అయిదుగురిలో ఎవరినీ ఆమె వదిలిపెట్టినట్టుగాని, వారిలో ఎవరైనా కాలం చేస్తే మరొకరిని చేసుకున్నట్టుగాని ఎక్కడా దాఖలా లేదు. ఆ ఇంట్లో పదకొండేళ్ళు పెరిగిన బెన్హర్‌కు మాత్రం ఒక్క మగమనిషే గుర్తున్నాడు. పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి నడుస్తూ, కార్బాలిక్ సబ్బు వాసన వేస్తూ, పిల్లవాడి జ్వరం చూడడానికి అరచెయ్యి కాకుండా మణికట్టు నుదుటికి ఆనించే మనిషి. ఆయన చెయ్యి ఎంత చల్లగా ఉండేదో బెన్హర్ ఇప్పటికీ చెప్పగలడు. పేరు మాత్రం చెప్పలేడు.

ఆయన్ని ఊరంతా కాంపౌండరు గారనేది. మిషను ఆసుపత్రిలో ముప్పయి రెండేళ్ళు మందులు కలిపిన మనిషి. బెన్హర్ తాతయ్యా అనేవాడు. జీవరత్నం గారు అయితే భర్తను ఏమీ అనేది కాదు. పిలవవలసివస్తే గిన్నె మీద గరిటెతో రెండుసార్లు కొట్టేది. ఆయన ఉత్తరాలు రాస్తే కింద ‘మీ కాంపౌండరు’ అని సంతకం పెట్టేవాడు. ఆయన పోయినప్పుడు చెక్క సిలువ మీద తెల్ల రంగుతో ‘కాంపౌండరు గారు, 1991’ అని రాశారు. అయిదేళ్ళకు ఆమె పోతే, పక్కనే సిమెంటు పలక మీద పేరూ ఊరూ అన్నీ చెక్కించారు. యూనివర్సిటీలో చరిత్ర చదివి, ఎవరితోనూ మాట్లాడనవసరం లేని పని కావాలని ఏరికోరి పాఠ్యపుస్తకాల అచ్చుతప్పులు దిద్దుకుంటూ యాభై రెండేళ్ళ వయసుకు వచ్చిన బెన్హర్, ఇంత పెద్ద తప్పు తన సొంతింట్లో ఉందని ఏనాడూ గమనించలేదు.

గమనించవలసిన అవసరం సంఘం నోటీసుతో వచ్చింది. సమాధుల తోటకు కొత్త ప్రహరీ కడుతున్నారు. రోడ్డు వెడల్పు కోసం కొంత జాగా పోతుంది. పేరు రుజువైన సమాధులను పలకలతో సహా లోపలికి జరుపుతారు. పేరు లేనివి ‘గుర్తు తెలియని సమాధులు’గా పరిగణింపబడి పునాది కిందికి వెళ్తాయి. గడువు వచ్చే నెల ఆఖరి ఆదివారం. అంటే చిన్నమ్మమ్మ గోడకు ఇవతల ఉంటుంది, తాతయ్య గోడ కింద ఉంటాడు. బెన్హర్ ఈ నోటీసును మూడుసార్లు చదివి, అందులో రెండు అచ్చుతప్పులు దిద్ది, నాలుగోసారి చదివినప్పుడు ఏడ్చాడు.

కమిటీ కార్యదర్శి రాబర్ట్ మాస్టారు రిటైరైన లెక్కల టీచరు. సిలువ మీద కాంపౌండరు గారని రాసి ఉంది కదా అని బెన్హర్ వెళ్ళి అడిగితే ఆయన అభ్యంతరం స్పష్టంగా చెప్పాడు.

“కాంపౌండరన్నది ఉద్యోగం బాబూ, పేరు కాదు. రేపు ప్రభువొచ్చి కాంపౌండరూ అని పిలిస్తే ఎవడు లెగుస్తాడు? మన తోటలోనే ముగ్గురున్నారు.”

బెన్హర్ వాదన వదిలేశాడు. పెళ్ళి రిజిస్టరు చూపించమన్నాడు. 1951 నాటి పుస్తకం బీరువా అడుగున దొరికింది. చెదలు వధువును వదిలిపెట్టి వరుణ్ణి పూర్తిగా తినేశాయి. బాప్తిస్మాల పుస్తకంలో కూడా ఆ కాలం పేజీలు జల్లెడలాగే ఉన్నాయి. ఆసుపత్రి మూతబడి ముప్పయ్యేళ్ళయింది, దాని కాగితాలు ఎటు పోయాయో చెప్పగలిగిన మనిషే లేడు. ఇక మిగిలిన దారి చిన్నమ్మమ్మ పేరున్న కాగితాల్లో ‘భర్త పేరు’ అన్న గడి వెతకడం. దారి సుగమంగానే కనిపించింది. గడి ప్రతిచోటా ఉంది. గడిలో పేరు కూడా ప్రతిచోటా ఉంది.

రేషను కార్డులో భర్త పేరు మత్స్యరాజు. ఓటర్ల జాబితాలో వరాహాలు. సంఘంలోని స్త్రీల సమాజం పుస్తకంలో, పాస్టరమ్మ గారి గుండ్రటి దస్తూరీలో, యోనా. బెన్హర్‌ను బడిలో చేర్చినప్పటి రిజిస్టరులో, సంరక్షకురాలు జీవరత్నం, భర్త నోవహు. మునిసిపాలిటీ ఇళ్ళ జాబితాలో భర్త పేరు: ఏటి.

ఈ చివరి పేరు మీద బెన్హర్ రెండు వారాలు పని చేశాడు. ఏరు, ఏటి, ఏటిగట్టు. నాగావళి ఒడ్డున ఉండే కుటుంబాలకు ఏటి అన్నది ఇంటిపేరుగా ఉందేమోనని శ్రీకాకుళం దాకా వెళ్ళి గ్రంథాలయంలో మూడు రోజులు కూర్చున్నాడు. పదిహేనో రోజున వీధిలో కూరగాయలామెను బీరకాయలున్నాయా అని అడిగితే, ఆమెకు వినపడక “ఏటి?” అంది. బెన్హర్ బీరకాయలు తీసుకోకుండానే లోపలికి వచ్చి, పద్దెనిమిది పేజీల నోట్సును మడిచి పక్కన పెట్టాడు. గుమాస్తా భర్త పేరడిగాడు, చిన్నమ్మమ్మ ఏటి అంది, గుమాస్తా రాసుకున్నాడు. అంతే.

అయితే ఆ క్షణంలోనే అసలు సంగతి కూడా ఆయనకు తట్టింది. ఆ తరం ఆడవాళ్ళు భర్త పేరు నోటితో అనరు. అనకుండా ఏదో ఆనవాలు చెప్తారు. ఎదుటివాడు ఊహించి రాసుకుంటాడు. అంటే ఈ పేర్లు భర్తలవి కావు, ఊహలవి. ఊహలన్నీ ఒకే మనిషి చుట్టూ తిరిగి ఉండాలి. అలా చూస్తే, మత్స్యం నీళ్ళలో ఉంటుంది. వరాహం భూమిని నీళ్ళలోంచి ఎత్తింది. నోవహు ఓడలో నీళ్ళ మీద తేలాడు. యోనా నీళ్ళలో మునిగి చేప కడుపులో మూడు రోజులున్నాడు. చేపా నీళ్ళూ రెండూ ఉన్న బైబిలు పేరు యోనా ఒక్కటే. పైగా అది రాసిన పాస్టరమ్మ బైబిలు క్షుణ్ణంగా తెలిసినామె. బెన్హర్ ఈ సిద్ధాంతాన్ని ముప్పయి రెండు పాదసూచికలతో పద్నాలుగు పేజీలుగా రాసి, శుక్రవారం నాడు రాబర్ట్ మాస్టారికి అందజేశాడు.

మాస్టారు వేలితో పేజీలు లెక్కపెట్టి, చివరి పేజీ చదివాడు.

“బైబిల్లో సమరయ స్త్రీకి అయిదుగురు భర్తలు. మీ అమ్మమ్మగారికీ అయిదుగురే. ఇందులో నాకు నచ్చినోణ్ణి ఏరుకోమంటారేటి?”

అది కాదని బెన్హర్ పాదసూచికలు చూపించబోయాడు. మాస్టారు కాగితాలు తిరిగి ఇచ్చేస్తూ, కమిటీకి కావలసింది ఒక కాగితం, లేదా ఆ మనిషిని పేరుతో ఎరిగున్న ఒక సజీవ సాక్షి అన్నాడు. రెండిట్లో ఏదున్నా ఆదివారం ఆరాధన తరవాత హాజరు పరచమన్నాడు.

సజీవ సాక్షి ఒక్కరే మిగిలారు. కాంపౌండరు గారి తమ్ముడి భార్య లీలారాణి, ఎనభై ఏడేళ్ళ మనిషి, బొబ్బిలిలో కూతురు మెర్సీ దగ్గర ఉంటోంది. బెన్హర్‌కు మనుషుల ఇళ్ళకు వెళ్ళడమంటే చేతకాని పని. అందుకని ఇన్నాళ్ళూ ఆమెను చిట్టచివరి ఆధారంగా అట్టిపెట్టుకున్నాడు. శనివారం పొద్దున్న పాసింజరెక్కి, దారి పొడుగునా అడగవలసిన ప్రశ్నలు వరసగా రాసుకుంటూ తొమ్మిదిన్నరకు బొబ్బిలి చేరాడు.

పక్కింట్లో ఎవరో కొత్త వీణకు మెట్లు సరిచూస్తూ ఒకే తీగను మళ్ళీ మళ్ళీ మీటుతున్నారు. లీలారాణి అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. తానెవరో బెన్హర్ చెప్పుకున్నాక ముఖం పైకెత్తి చూసింది.

“ఓలమ్మ, జీవరత్నక్క పెంచినోడు గదా. నా కంటే ముసిలోడివైపోనావేట్రా?”

బెన్హర్ చాప మీద కూర్చుని, గోడ సంగతీ గడువు సంగతీ వివరించి, ప్రశ్నల కాగితం తీసి మొదటి ప్రశ్న చదివాడు. ఆమె గింజ తీయడం ఆపి ఆయన వంక చూసింది, చాలా అసభ్యమైన మాట విన్నట్టు.

“మా బావగారి పేరా? నానెలా సెప్తానురా? ఆయన పెద్ద, నాను మరదల్ని. నా పెనిమిటి పేరే ఒక్కపాలి అన్లేదు.”

“పోనీ రాసి చూపించండి అమ్మమ్మా.”

“రాస్తే మాత్రం అన్నట్టు కాదేటి? నోటికున్న సిగ్గు సేతికుండదా?”

బెన్హర్ ఓపిగ్గా మరో మార్గం ప్రతిపాదించాడు. తను పేర్లు చదువుతాడు, ఆమె ఏమీ అనక్కర్లేదు, అసలు పేరు వచ్చినప్పుడు తల ఊపితే చాలు. దీనికి ఆమె ఒప్పుకుంది. ఆయన సంచిలోంచి బైబిలు తీసి, పేర్లు దట్టంగా ఉన్న చోటు అని మత్తయి సువార్త మొదటి అధ్యాయం విప్పి, ఒక్కొక్క పేరు దగ్గరా ఆగుతూ చదవసాగాడు. అబ్రాహాము దగ్గర ఆమె కదల్లేదు. అమ్మీనాదాబు దగ్గర తల ఊగింది. బెన్హర్ వెంటనే గడియారం చూశాడు. సమయం పదీ ఇరవై అని రాసుకున్నాడు. కానీ నిర్ధారణ కోసం ముందుకు వెళ్తే యెహోషాపాతు దగ్గర మళ్ళీ ఊగింది. జెరుబ్బాబెలు దగ్గర రెండుసార్లు ఊగింది, రెండోసారి గడ్డం చింతపండు పళ్ళెం దాకా వచ్చింది. మూడు పేర్లూ పట్టికలో వేసి, ఏ ఊపు ఎంత లోతుగా ఉందో బెన్హర్ అంచనా వేస్తుండగా మెర్సీ టీ తెచ్చింది.

“నిద్దరోతంది బాబూ. పదింటికి అలవాటే.”

లీలారాణికి మెలకువ వచ్చేదాకా ఆయన చాప మీదే కూర్చున్నాడు. ఆమె కళ్ళు తెరిచాక, ఇక దాపరికం ఎందుకని, తన సిద్ధాంతం చెప్పేశాడు. ఆయన పేరు యోనా అని తాను నిరూపించాననీ, ఆమె అవునంటే చాలనీ అన్నాడు. లీలారాణి నోట్లో పళ్ళు లేని నవ్వు నవ్వింది, గట్టిగా, పక్కింటి వీణ ఆగేలా.

“యోనా ఏటి? ఆయనెప్పుడు సేప కడుపులోకెళ్ళినాడు? నాను ఆ రోజు అక్క పక్కనే ఉన్నాను. నీళ్ళలో ఉంటాది, పెద్దది అన్నాది అక్క. పాస్టరమ్మకి సేప తప్ప ఇంకోటి తోచలేదు.”

మరి నీళ్ళలో ఉండే పెద్దదేమిటని బెన్హర్ అడిగాడు. అది చెప్తే పేరు చెప్పినట్టేనని ఆమె నోరు మూసుకుంది. ఇక ఏమీ పుట్టేలా లేదు. ఆయన కాగితాలు సర్దుకుంటూ, రేపటితో గడువైపోతుందని, వచ్చే వారం పునాది తవ్వుతారని, ఇంకేమీ చెయ్యలేనని, పాఠం అప్పజెప్పినట్టు చెప్పి లేచాడు. చెప్పులు వేసుకుంటుండగా వెనకనుంచి ఆమె గొంతు వినిపించింది. ఈసారి అందులో నవ్వు లేదు.

“ఆయన్ని గోడ కింద పెట్టీస్తారేటి?”

అవునన్నాడు.

“నాకు సన్నిపాతమొస్తే తొమ్మిది రోజులు మా గుమ్మంలోనే కూకున్నాడ్రా. లోపలికి రాలేదు, మరదలు పడుకున్న గదని. మందు గుమ్మంలో పెట్టి వెనక్కి తిరిగేవోడు.” కొంతసేపు చింతగింజలు వేళ్ళతో కదిపి, “రేపు వస్తాను. గుడిలో సెప్తాను” అంది.

ఎవరికి చెప్తానన్నదో ఆమె అనలేదు. వాక్యంలో అది లోపించిందని బెన్హర్ గమనించనూ లేదు. ఆ రాత్రి అక్కడే ఉండిపోయి, మర్నాడు ఆటో మాట్లాడి తల్లినీ కూతురినీ వెంటబెట్టుకుని విజయనగరం వచ్చాడు. ఆరాధన అయ్యాక గుడి పక్క గదిలో కమిటీ కూర్చుంది. రాబర్ట్ మాస్టారు, పాస్టరు గారు, మరో అయిదుగురు. లీలారాణిని కుర్చీలో కూర్చోబెట్టి, మాస్టారు మినిట్స్ పుస్తకం తెరిచి, కలం మూత తీసి, సదరు కాంపౌండరు గారి పేరేమిటో సంఘం ఎదుట చెప్పమన్నాడు.

“మీకు సెప్పనండి” అంది లీలారాణి.

గదిలో ఏడుగురూ బెన్హర్ వంక చూశారు. బెన్హర్ నేల వంక చూశాడు.

“మగాళ్ళ ముందర బావగారి పేరు ఎలా అంటానండి? దేవుడికి సెప్తాను. ఆయనకి తెలిసిందే గదా, తప్పులేదు. మీరందరూ మోకాళ్ళేసి కళ్ళు మూసుకోండి. ఇనమని నానన్ను. ఇనొద్దనీ అన్ను.”

రాబర్ట్ మాస్టారు నిబంధనల్లో దీనికి చోటుందా లేదా అని ఆలోచిస్తుండగానే పాస్టరు గారు మోకరించాడు. పాస్టరు మోకరించాక కార్యదర్శి కుర్చీలో కూర్చోవడం కుదరదు. ఏడుగురూ సిమెంటు నేల మీదికి దిగారు. మాస్టారు కలం పుస్తకం మీద పెట్టి దిగాడు. బెన్హర్ జేబులో పెన్సిలుంది, కానీ ప్రార్థనలో రాసుకోవడం ఈ జన్మలో ఎవరూ చేసి ఉండరు. ఆయన చేతులు కట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

లీలారాణి వానలతో మొదలుపెట్టింది. వరి ఊడ్పుల మీదుగా మెర్సీ మోకాలి నొప్పికి వచ్చి, కువైట్‌లో డ్రైవరుగా ఉన్న మనవడి వీసా గురించి దేవుడికి వివరంగా తెలియజేసింది. తరవాత చుట్టాల పేర్లు ఆరంభమయ్యాయి. చీపురుపల్లి వాళ్ళు, పార్వతీపురం వాళ్ళు, రాయగడలో రైల్వే వాళ్ళు. బతికున్నవాళ్ళను దీవించమంది, పోయినవాళ్ళను అడిగినట్టు చెప్పమంది. ఒకరి ఫోను మోగి ఆగిపోయింది. మాస్టారు మోకాళ్ళు మార్చుకుంటున్న చప్పుడు వినిపించింది. ఇరవై నిమిషాలు గడిచాయి. బెన్హర్ పేర్లను వేళ్ళ మీద లెక్కపెడుతూ నలభై మూడు దాకా వచ్చి తప్పిపోయాడు.

“ప్రభువా, నా పెనిమిటి దేవసహాయం నీకాడే ఉన్నాడు.”

వెనక గోడ దగ్గర మెర్సీ ‘అమ్మా’ అంది. తల్లి నోట తండ్రి పేరు ఆమె వినడం అదే మొదలు. ముసలామె ఆగలేదు.

“మా బావగారు కూర్మయ్య గారూ నీకాడే ఉన్నాడు. ఆడోళ్ళు పేరు సెప్పలేదనీసి ఈళ్ళు ఆయన్ని గోడ కింద పెట్టీస్తన్నారు. ఆయన పేరు నీకు తెలుసు. నాను సెప్పకూడదు. ఈళ్ళకి నువ్వు సెప్పు.”

ఆ తరవాత ఆమె సాలూరు చుట్టాలతో మరో పది నిమిషాలు ప్రార్థించింది. చివర ఆమేన్ అంది. ఏడుగురూ ఆమేన్ అన్నారు, అందరికంటే గట్టిగా రాబర్ట్ మాస్టారు, లేవవచ్చన్న సంతోషంతో.

లేచి అందరూ మోకాళ్ళ దుమ్ము దులుపుకున్నారు. మొదట మాస్టారే తేరుకుని, మన సంఘంలో కూర్మయ్య ఎక్కడినుంచి వచ్చాడని అడిగాడు. ఇప్పుడు పేరు మాస్టారే అనేశాడు కనక, తాను అనకుండానే మిగతా కథ చెప్పడానికి లీలారాణికి అడ్డులేకపోయింది. అత్తగారికి ముగ్గురు పిల్లలు పోయాక శ్రీకూర్మం దేవుడికి మొక్కుకుంటే నాలుగోవాడు నిలిచాడు, ఆ పేరే పెట్టింది. పెద్దయ్యాక నాగావళిలో బాప్తిస్మమిచ్చేటప్పుడు, నడుం లోతు నీళ్ళలో నిలబెట్టి, కొత్త పేరేం కావాలని మిషను దొరగారు అడిగితే, అమ్మ బతికున్నదండి, ఆ పేరు పిలుస్తేనే నేను బతికున్నానని ఆమెకు నమ్మకం అన్నాడు. దొరగారు ఆ పేరుతోనే ముంచాడు. అయితే గుళ్ళో ‘ఇప్పుడు కూర్మయ్య గారు ప్రార్థన చేస్తారు’ అని ప్రకటించడం పెద్దలకు ఇబ్బందిగా ఉండి, కాంపౌండరు గారు అనడం మొదలుపెట్టారు. క్రమంగా పేరు ఎవరికీ అక్కరలేకుండా పోయింది.

బెన్హర్ బుర్రలో కాగితాలు ఒకదాని వెనక ఒకటి విప్పుకున్నాయి. దేవుడి రూపం, నీళ్ళలో ఉంటుంది అని చిన్నమ్మమ్మ అన్నది. రేషను గుమాస్తా అవతారాల్లో మొదటిది రాసేశాడు. ఆ తప్పు తెలిశాక ఆమె, ఓటర్ల గుమాస్తా దగ్గర, చేప కాదు, దాని తరవాతది అని ఉంటుంది. అతను ఒకటి ఎక్కువ లెక్కపెట్టి వరాహం దాకా పోయాడు. వీపు మీద ఇల్లుంటుంది, నీళ్ళలో తేలుతుంది అని బళ్ళో చెప్పి ఉంటుంది. బైబిలు చదివిన హెడ్‌మాస్టరుకు ఓడ కనిపించింది. మత్స్యానికీ వరాహానికీ సరిగ్గా మధ్యన, అందరికీ చెయ్యి చాస్తే అందేంత దూరంలో, తాబేలు కూర్చునుంది. తను పద్నాలుగు పేజీలు రాశాడు.

“ఆధారం కాగితం లేదు గదా” అన్నాడు రాబర్ట్ మాస్టారు, కలం పట్టుకుని. “ప్రార్థనని మినిట్స్‌లో ఎలా ఎక్కించమంటారు?”

“మీరు ఆమేన్ అన్నారు మాస్టారూ” అన్నాడు పాస్టరు గారు.

“అలవాటు మీద అన్నాను.”

“ఏడుగురు అన్నారు. తీర్మానాలకి కూడా ఇంతమంది ఎప్పుడూ అన్లేదు.”

మాస్టారు పుస్తకం ముందుకు లాక్కుని, ఏకగ్రీవంగా ఆమోదించడమైనది అని రాశాడు. పేరు దగ్గర ఆగి, ఎలా రాయాలని అడిగాడు. బెన్హర్ చెప్పడానికి నోరు తెరిచేలోగా లీలారాణి రెండు చెవులూ మూసుకుంది.

“నా ముందర అనీకురా. పెద్దల్ని పేరెట్టి అంటావేటి? బయటికెళ్ళి అను.”

అందుకని ఆయన చీటీ మీద రాసి ఇచ్చి, పలక చెక్కే కొండబాబుకు ఫోను చెయ్యడానికి సమాధుల తోటలోకి నడిచాడు. అక్కడ సిగ్నలు సరిగా లేదు. వెతుక్కుంటూ వెళ్ళి రెండు సమాధుల మధ్యన, సిమెంటు పలకకూ చెక్క సిలువకూ నడుమ నిలబడితే ఫోనులో గీతలు రెండు కనిపించాయి. అవతల కొండబాబు రాతికోత మిషను దగ్గరున్నాడు.

“కూర్మయ్య” అన్నాడు బెన్హర్.

కొండబాబు కుమారయ్యా అన్నాడు. కాదంటే కూరయ్యా అన్నాడు. ఇద్దరికి మించి మనుషులున్న గదిలో గొంతు విప్పి ఎరగని బెన్హర్, ఊపిరి పీల్చుకుని, ప్రహరీ అవతల ఆటో స్టాండులో ఉన్నవాళ్ళు తలలు తిప్పి చూసేంత గట్టిగా అరిచాడు. కూర్మయ్య. కకు కొమ్ము దీర్ఘం. రకింద మావత్తు. యకింద యావత్తు. కూర్మయ్య. ఈలోగా అవతల మిషను ఆగింది.

“ఇనపడ్డాది బాబూ” అన్నాడు కొండబాబు. “ఇంక అరవకండి, రాసుకున్నాను.”

అయినా బెన్హర్ ఇంకొకసారి అన్నాడు.